ఫ్రిస్కో తగవు: 2000 సంవత్సరంలో పడిన ముడి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న ఫ్రిస్కో పేరు మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. 2026 ఆరంభంలో ఆ ఊరి నగర మండలి సమావేశంలో కొందరు మైకు ముందుకు వచ్చారు. భారతీయులు తమ ఊరిని ఆక్రమించేస్తున్నారని, విదేశీ నిపుణులను అమెరికా కంపెనీలు పనిలో పెట్టుకోవడానికి ఇచ్చే హెచ్‌-1బి వీసాల మోసాలకు ఇది నెలవైపోయిందని ఆరోపించారు. అదే సమావేశానికి భారత సంతతివారు కూడా వచ్చి తమ మాట చెప్పుకున్నారు. ఆ వీడియోలు హైదరాబాద్, విజయవాడల్లోని తల్లిదండ్రుల ఫోన్లకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఈ శివారు పట్టణంలో తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఉండడం మధ్యతరగతి తెలుగు ఇళ్లలో ఇప్పుడు మామూలు సంగతి.

రైలు మార్గం మీద పుట్టిన ఊరు, ఆ రైలు కంపెనీ పేరే ఊరి పేరైంది, 1908లో నగర హోదా వచ్చింది. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నేటి తగవుకు వాటితో పనిలేదు. పని ఉన్నది జనాభా లెక్కలతో.

1990లో ఫ్రిస్కో జనాభా ఆరు వేల పైచిలుకు. 2000లో 33,714. 2010లో 1,16,989. 2020లో 2,00,509. అంటే 1990లో ఆ ఊళ్లో ఉన్న ప్రతి ఒక్కరూ 2020 దాకా ఊరు కదలకుండా ఉన్నారనుకున్నా, 2020 జనంలో వారు నూటికి ముగ్గురు. మిగిలిన తొంభై ఏడుగురూ ఆ తరువాత వచ్చి చేరినవారో, అలా వచ్చినవారికి పుట్టినవారో. ‘మా ఊరు’ అనే మాట ఎవరి నోట వచ్చినా ఈ లెక్క మీద నిలబెట్టి చూడాలి.

ఇక ఆదాయం. ఇళ్లన్నిటినీ సంపాదన వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే ఇంటి ఆదాయం ఏడాదికి సుమారు 1,45,000 డాలర్లు. దేశం మొత్తం మీద ఆ లెక్క 80 వేల దరిదాపుల్లోనే. పాతికేళ్లు దాటినవారిలో మూడింట రెండొంతుల మందికి డిగ్రీ లేదా అంతకు మించిన చదువు ఉంది. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారు నూటికి నలుగురైదుగురికి మించరు. ఉద్యోగాలు ఎక్కువగా మేనేజ్‌మెంట్, సాఫ్ట్‌వేర్, ఫైనాన్స్, వైద్యం, ఇంజినీరింగ్ రంగాల్లోనివి. ఆసియా సంతతివారు 2010లో పదింట ఒకరు, 2020 నాటికి నలుగురిలో ఒకరు. వీరిలో భారతీయులదే పెద్ద వాటా. తగవంతా ఈ చివరి లెక్క మీదే జరుగుతోంది.

ఈ లెక్క ఎలా ఏర్పడింది? నా దృష్టిలో దీని ముడి 2000 సంవత్సరంలో పడింది. ఆ ఏడాది కొన్ని వారాల తేడాతో రెండు జరిగాయి. ఆగస్టులో ఫ్రిస్కోలో స్టోన్‌బ్రయర్ సెంటర్ అనే పెద్ద మాల్ తెరుచుకుంది. అక్టోబరు 17న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు క్లింటన్ ఒక చట్టంపై సంతకం చేశారు. ఒకదానితో మరొకదానికి సంబంధం ఉన్నట్టు ఆనాడు ఎవరికీ తోచి ఉండదు.

ముందు ఆ చట్టం సంగతి. ఏసీ21 అని పిలిచే ఆ చట్టం సెనేట్‌లో 96–1 ఓట్లతో గట్టెక్కింది. దాని గురించి అందరికీ గుర్తున్నది ఒక్క అంకె: హెచ్‌-1బి వీసాల వార్షిక పరిమితిని మూడేళ్లపాటు 1,95,000కు పెంచడం. 2004 ఆర్థిక సంవత్సరానికి ఆ పరిమితి తిరిగి 65,000కు పడిపోయింది. తరువాత అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20 వేలు కలిపారు. ఈలోగా డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయాయి. ఫ్రిస్కోకు దగ్గర్లో ఉన్న రిచర్డ్‌సన్‌లో టెలికాం కంపెనీలు వేల మందిని ఇంటికి పంపాయి. పెంచిన కోటా కథ అలా ముగిసిపోయింది.

ముగియనిది ఆ చట్టంలోని మరో ఏర్పాటు. అంతకుముందు హెచ్‌-1బి అంటే ఆరేళ్లు. గడువు తీరితే సామాను సర్దుకోవలసిందే. ఏసీ21 ఆ గోడకు ఒక తలుపు పెట్టింది. గ్రీన్‌కార్డు ప్రక్రియ మొదలై, దేశాలవారీ పరిమితి కారణంగా ఆగిపోయినవారు వీసాను మూడేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. అటువైపు 1990 చట్టం ఉద్యోగ కోటా గ్రీన్‌కార్డులను ఏడాదికి 1,40,000గా నిర్ణయించింది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది నియమం. భారత్ అయినా ఐస్‌లాండ్ అయినా అదే కొలత.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చట్టం లోపలికి రానిచ్చి, ఉండనిచ్చింది. ఇంకొకటి స్థిరపడనివ్వలేదు. ఈ మధ్యలో ఒక కొత్త రకం మనిషి తయారయ్యాడు: కాగితం మీద తాత్కాలిక ఉద్యోగి, బతుకులో మాత్రం ముప్పై ఏళ్ల గృహరుణం ఉన్న ఇంటి యజమాని. మనవాళ్ల మాటల్లో చెప్పాలంటే ‘ఐ-140 అయింది, ప్రయారిటీ డేట్ కోసం చూస్తున్నాం’. అంటే కంపెనీ వేసిన గ్రీన్‌కార్డు పిటిషను ఆమోదం పొందింది, వరుసలో తమ వంతు తేదీ ఇంకా రాలేదు. 2025 చివరికి కూడా పెద్ద చదువులున్న భారతీయుల గ్రీన్‌కార్డు వరుస (ఈబీ-2) 2013 నాటి దరఖాస్తుల దగ్గరే పాకుతోంది. ఆరేళ్లలో వెళ్లిపోయే మనిషి అపార్ట్‌మెంటులో అద్దెకుంటాడు. ఎన్నేళ్లో తెలియకుండా ఉండిపోయే మనిషి, పిల్లలు బడికొచ్చే వయసుకు మంచి బడి ఉన్నచోట ఇల్లు కొంటాడు.

మంచి బడి ఎక్కడుంది? ఇక్కడ ఆ ఊరి సొంత నిర్ణయాలు చూడాలి. ఫ్రిస్కోను ఎవరూ చాటుగా మార్చలేదు. ఊరే పూనుకుని, ఓట్లు వేసి, ప్రణాళిక గీసుకుని మారింది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఊళ్లు బతకవలసింది అమ్మకపు పన్ను మీద, ఆస్తి పన్ను మీద. పక్కనున్న ప్లేనో తన అమ్మకపు పన్నులో డాలరుకు ఒక సెంటును డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్‌కు ఇచ్చి రైళ్లు తెచ్చుకుంది. ఫ్రిస్కో అందులో చేరలేదు. 1990ల్లోనే ఆ సెంటును రెండు సగాలు చేసి, ఒక అర సెంటును కంపెనీలను రప్పించే సంస్థకు, మరో అర సెంటును ఊరి వసతులు కట్టే సంస్థకు అప్పగించింది. మాల్ తెరుచుకున్నాక ఆ అర సెంట్ల విలువ తెలిసివచ్చింది.

ఆ తరువాత వరుసగా వచ్చినవన్నీ ఆ దారిలోనివే. 2003లో బేస్‌బాల్ మైదానం, 2005లో సాకర్ స్టేడియం, 2016లో డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం. ఫ్లోరిడా నుంచి తరలివచ్చిన గోల్ఫ్ సంస్థ పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో కొత్త భవనంలోకి అడుగుపెట్టింది. పాఠశాల విభాగం ఫ్రిస్కో ఐఎస్‌డీ మరో నిర్ణయం తీసుకుంది: ఒక్కో హైస్కూలు రెండు వేల చిల్లర విద్యార్థులకు మించనివ్వకుండా, బళ్లను పెద్దవి చేయకుండా ఎక్కువ కట్టుకుంటూ పోవడం. అలా హైస్కూళ్లే పన్నెండయ్యాయి. ఇదంతా నడవాలంటే ఖరీదైన ఇల్లు కొని, ఏటా భారీ ఆస్తి పన్ను కట్టి, బడిలో పిల్లల్ని చేర్చే కుటుంబాలు వేల సంఖ్యలో కావాలి. ఊరు గీసుకున్న ఆ బొమ్మలో ఒక ఉద్యోగి కుటుంబం ఉంది. దాని రంగు ఏమిటో మాత్రం గీయలేదు.

ఉద్యోగాలు కూడా అదే కాలంలో దగ్గరికి జరిగాయి. 2014 ఏప్రిల్‌లో టొయోటా తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియా నుంచి ప్లేనోకు మారుస్తున్నట్టు ప్రకటించింది. 2017లో అది తెరుచుకుంది. లిబర్టీ మ్యూచువల్, జేపీమోర్గాన్ చేజ్ ఆ చుట్టుపక్కలే పెద్ద ప్రాంగణాలు కట్టాయి. ఇలాంటి కార్యాలయాల ఐటీ పని కొంత సొంత ఉద్యోగులతో, కొంత వెండర్ల ద్వారా, అంటే మనుషులను సరఫరా చేసే బయటి కంపెనీల ద్వారా, జరుగుతుంది. వెండర్ కింద ఉపవెండర్, ఆ కింద కన్సల్టెన్సీ, చివర మన తెలుగు ఇంజినీరు. ఫ్రిస్కో నుంచి కారులో ఇరవై, ముప్పై నిమిషాల దూరంలో క్లయింట్. 2015లో ఊళ్లో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం పెద్ద భవనంలోకి మారింది. అదే ఏడాది మే నుంచి, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారి భార్యలకు, భర్తలకు పనిచేసే అనుమతి దొరికింది. రెండో జీతం కూడా ఇంట్లోకి వస్తే మధ్యస్థ ఆదాయం ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు.

ఎదుటివారి వాదనలో పస లేదని అనడం తప్పు. కన్సల్టెన్సీ వ్యవస్థలో దొంగ రెజ్యూమేలు, ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇవ్వడం, బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నప్పుడు, జీతం ఎగ్గొట్టడం ఉన్నాయని తెలుగువారికి ఒకరు చెప్పాలా? 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్‌-1బి దరఖాస్తుల్లో 71 శాతం భారత్‌లో పుట్టినవారివే. ఉద్యోగం పోయిన అమెరికన్ ప్రోగ్రామరుకు ఈ అంకె కనబడినప్పుడు కడుపు మండడం సహజం. టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2026 జనవరిలో రాష్ట్ర సంస్థలు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కొత్త హెచ్‌-1బి దరఖాస్తులు వేయకుండా నిలిపివేశారు. అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ ఉత్తర టెక్సాస్‌లోని కొన్ని సంస్థలపై దర్యాప్తు మొదలుపెట్టారు. మోసం చేసినవారు దొరికితే శిక్షించాలి. ఆ మోసాలకు మొదట బలయ్యేది బెంచి మీదున్న మన పిల్లలే కాబట్టి మనం ఇంకా గట్టిగా అడగాలి.

అయితే ‘మోసం’ అన్న మాటకూ ‘ఆక్రమణ’ అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఒకే మైకు ముందు రెండూ ఒకే ఊపిరిలో వినిపించాయి. జనాభా లెక్కల ఫారంలో వీసా ఏమిటన్న ప్రశ్నే ఉండదు. కాబట్టి ఫ్రిస్కోలో హెచ్‌-1బి మీద ఎందరున్నారో ఆ లెక్క చెప్పలేదు. ఆసియన్ అన్న గడిలో అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, అక్కడే పుట్టిన పిల్లలు అందరూ ఒకే అంకెలో కలిసిపోతారు. ఫ్రిస్కో నగర మండలికి 2025లో ఎన్నికైన బర్ట్ ఠాకూర్ భారత సంతతివారు. అమెరికా నౌకాదళంలో పనిచేసి వచ్చారు. ఆయనా ఆ అంకెలో ఒకరే.

ఇంకో లెక్క. 2000లో ఊరి మొత్తం జనాభా 33,714. 2020లో హిస్పానిక్ కాని శ్వేతజాతీయులే 90 వేలకు పైమాట. వారి శాతం తగ్గింది, సంఖ్య రెండింతలు దాటి పెరిగింది. ఒకరు ఖాళీ చేసిన చోట మరొకరు దిగిన ఊరు కాదిది. పత్తి చేలు, జొన్న చేలు ఉన్న నేల మీద అందరూ ఒకే కాలంలో ఇళ్లు కట్టుకున్నారు.

ఆ ఇళ్లలో ఒకదానికి వచ్చే పన్ను బిల్లు తీసుకుందాం. కాలిన్ కౌంటీ వైపు ఉన్న ఇంటికి శరత్కాలంలో అది వస్తుంది. అందులో నాలుగు వరుసలుంటాయి: నగరం, కౌంటీ, కాలిన్ కాలేజీ, ఫ్రిస్కో ఐఎస్‌డీ. సగానికి పైగా సొమ్ము చివరి వరుసదే. జనవరి 31 లోపు కట్టాలి. హెచ్‌-1బి ఇంటి యజమాని ఆ నాలుగు వరుసలూ కడతాడు. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను పథకానికి 6.2 శాతం కోత పడుతుంది. పదేళ్ల చందా పూర్తికాకుండా వెనక్కి వెళ్లిపోతే అది పోయినట్టే. ఈ విషయంలో భారత్–అమెరికాల మధ్య ఒప్పందం లేదు. ఆ నాలుగు వరుసల్లో ఏ ఒక్క దానికి సంబంధించిన ఎన్నికలోనూ ఆయనకు ఓటు లేదు. నగర మండలి సమావేశంలో మైకు ముందు మాట్లాడవచ్చు. చాలామంది వీసా భయంతో అదీ చేయరు. ఆ సాయంత్రం వినిపించిన గొంతులను బట్టి ఊరి అభిప్రాయాన్ని అంచనా వేసేవారు ఈ మౌనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు పరిస్థితి తిరగబడుతున్న సూచనలు ఉన్నాయి. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ విదేశాల నుంచి రప్పించే కొత్త హెచ్‌-1బి ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుము విధించారు. ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఏటా వేలకు వేలు పెరిగిన విద్యార్థుల సంఖ్య 2022–23 ప్రాంతంలో శిఖరానికి చేరి, తగ్గడం మొదలైంది. ఇళ్ల ధరలు చిన్న పిల్లలున్న కుటుంబాలకు అందకుండా పోవడం ఒక కారణం. 2025లో స్టేలీ మిడిల్ స్కూలును మూసేశారు. ఏటా కొత్త బడి తెరవడానికే అలవాటుపడిన విభాగానికి అది కొత్త అనుభవం. పిల్లలున్న కుటుంబాలు తగ్గితే ఆ నాలుగో వరుస సొమ్ముతో ఎన్ని బళ్లు నడపాలన్నది నగర మండలి సమావేశంలో అరిచినవారి ముందూ ఉన్న ప్రశ్నే.

ఈ తగవులో గొంతే వినిపించని వర్గం ఇంకొకటి ఉంది. మూడేళ్ల వయసులో హైదరాబాద్ నుంచి వచ్చి, ఫ్రిస్కో బళ్లలోనే పన్నెండో తరగతి దాకా చదివి, తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడి ఉన్న పిల్లలు. ఇరవై ఒకటో పుట్టినరోజున వారికి ఆ ఆధారం పోతుంది. ఈలోగా నాన్నగారి ప్రయారిటీ డేట్ రాకపోతే విద్యార్థి వీసాకు మారాలి, లేదా పెరిగిన ఊరిని వదిలి వెళ్లాలి. వీరి కోసం ప్రతిపాదించిన బిల్లులు కాంగ్రెస్‌లో ఇంతవరకు గట్టెక్కలేదు. ఫ్రిస్కో జనాభా లెక్కలో వీరు ఉన్నారు. 2030 లెక్కకు ఉంటారో లేదో వాషింగ్టన్‌లోని గ్రీన్‌కార్డు వరుస ఎంత కదులుతుందన్న దాని మీద ఉంది.