బకింగ్‌హాం కాలువ: అపోహలు, వాస్తవాలు

కాలువల మ్యాపులు గీయడం నా వృత్తి. బకింగ్‌హాం కాలువ గురించి తరచూ నా చెవిన పడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్నదంతా బకింగ్‌హాం కాలువే.

కాదు. కాకినాడలో బయల్దేరిన పడవ కాకినాడ కాలువ మీదుగా ధవళేశ్వరం చేరాలి. గోదావరి దాటి విజ్జేశ్వరం దగ్గర ఏలూరు కాలువలో దిగి విజయవాడ రావాలి. కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ పట్టుకుని పెదగంజాం వెళ్లాలి. బకింగ్‌హాం మొదలయ్యేది అక్కడే, ఇప్పటి బాపట్ల జిల్లాలో. అక్కడి నుంచి చెన్నై దాకా 316 కిలోమీటర్లు ఉత్తర బకింగ్‌హాం, ఆ తర్వాత మరక్కాణం దాకా 110 కిలోమీటర్లు దక్షిణ బకింగ్‌హాం. వీటన్నిటికీ గోదావరి, కృష్ణల్లో కొంత భాగం కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అప్పట్నుంచి అన్నిటికీ ఒకే పేరు పెట్టేయడం మరీ ఎక్కువైంది.

అపోహ: కాటన్ దొర తవ్వించాడు.

డెల్టాలో కాలువ కనిపిస్తే చాలు, ఆయన పేరే నోటికొస్తుంది. ఆ అభిమానాన్ని తప్పుపట్టలేం. కానీ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. బాసిల్ కోక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఉప్పునీటి కాలువ తవ్వించింది అంతకు నలభై ఏళ్ల ముందే. దాన్ని కోక్రేన్ కాలువ అనేవారు. తర్వాత ప్రభుత్వం దాన్ని తన చేతికి తీసుకుని, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికీ దక్షిణానికీ పొడిగించింది.

అపోహ: లండన్ రాజప్రాసాదం పేరు పెట్టారు.

పేరు 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం డ్యూక్‌ది. మనవాళ్లు ధాత కరువని చెప్పుకునే 1876-78 కరువులో, మద్రాసు నగరం లోపల కూవం, అడయారు నదుల్ని కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల కాలువను కరువు పనుల కింద తవ్వించారు. తిండి కోసం పలుగూ పారా పట్టినవాళ్ల కష్టం అది. పేరు మాత్రం దొరగారిది! రాజప్రాసాదానికి ఆ పేరు 1703లో అక్కడ ఇల్లు కట్టిన వేరే కుటుంబపు డ్యూక్ నుంచి వచ్చింది.

అపోహ: ఇది పొలాలకు నీళ్లిచ్చే కాలువ.

నోట్లో పోసుకుంటే తెలుస్తుంది, ఉప్పు. సముద్రపు ఆటుపోట్లు ఇందులోకి వస్తాయి. తీరం వెంట, చాలాచోట్ల సముద్రానికి కూతవేటు దూరంలోనే సాగుతుంది. పెన్న వంటి నదులు అడ్డొచ్చిన చోట నీటిమట్టం నిలపడానికి లాకులు కట్టారు. తవ్వింది పడవల కోసం: ఉప్పు, నెల్లూరు తీరపు సరుగుడు కట్టెలు దీని మీదే మద్రాసు చేరేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులే తాడు పట్టి పడవ లాగేవారు. రైళ్లు, లారీలు వచ్చాక సరుకు అటు మళ్లింది. తుపాన్లు గట్లను దెబ్బతీశాయి, పూడిక పేరుకుంది. చెన్నైలో అయితే నగర రైలు మార్గం స్తంభాలు కాలువలోనే దిగాయి.