దండెం ఎందుకు జారింది?

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడికీ, పాపకీ,

పోయిన నెల రేణిగుంటలో విమానం దిగి ఇంటికి వస్తూ మీరిద్దరూ ఒక ప్రశ్న అడిగారు. "ఇంజన్ బ్లేడు పగలకపోయినా, ఎంతసేపు తిరిగిందో లెక్కపెట్టి తీసేస్తారంట, ఎందుకు తాతా?" అని. ఆ ఎండలో నాకు ఓపిక లేక తర్వాత చెప్తానన్నాను. ఇదిగో, ఇప్పుడు కుదిరింది.

మన మిద్దె మీద నైలాన్ దండెం గుర్తుందా? కట్టిన రోజు వీణ తీగలాగా బిగువుగా ఉండింది. రోజూ అవే తడి బట్టలు, అదే బరువు. తెగలేదు. అయినా ఇప్పుడు మీ అవ్వ చీరలు ఆరేస్తే అంచు నేలకు తగులుతోంది. నేను ముడి సరిగ్గా వేయలేదని ఆమె కోపం. తప్పు ముడిది కాదు. ఒకే బరువును ఏళ్ల తరబడి మోస్తే తాడు మెల్లగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. నైలాన్‌కు మామూలు ఎండే చాలు. లోహం అలా సాగాలంటే బాగా కాలాలి.

టర్బైన్ బ్లేడు, అంటే ఇంజన్‌లో వేడి గాలి తోస్తే తిరిగే రెక్క, బతికేది ఆ వేడిలోనే. దాన్ని ఎక్కువగా నికెల్ ఉన్న మిశ్రలోహంతో చేస్తారు. నికెల్ 1455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పెద్ద జెట్ ఇంజన్లలో బ్లేడును తాకే వేడి గాలి 1500 డిగ్రీలు దాటుతుంది. బ్లేడు లోపల సన్న దారులు పెట్టి గాలి పంపుతారు, పైన పింగాణీ లాంటి పూత వేస్తారు. కరగకుండా నిలిచేది అందుకే. పైగా అది గిరగిరా తిరుగుతుంటే టన్నుల బలం బయటికి లాగుతూ ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కంటికి కనబడే పగులునే నమ్మేవాణ్ణి. మా ఫర్నేసులో ఒక ట్రే ఉండేది, నికెల్, క్రోమియం కలిపిన ఉక్కుది. 900 డిగ్రీల వేడిలో నెలల తరబడి పనిచేసి నడుం వంగింది. పగులు లేదు కదా అని మళ్లీ లోపలికి తోశాను. మూడో రోజు విరిగి సరుకంతా ఫర్నేసులో పడింది. తిట్లు బాగానే తిన్నాను. విరిగిన చోట ముక్క కోసి, నునుపుగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే చీమల బారులాగా నల్ల చుక్కలు. లోహం చిన్న చిన్న స్ఫటికాల గుంపు. ఆ స్ఫటికాలు ఒకదానికొకటి ఆనుకునే గీతల వెంట ఖాళీలు పుట్టి, కలిసి, చివరికి పగులయ్యాయి.

ఆ గీతలే లేకపోతే? బ్లేడంతా ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. కరిగిన లోహం కింది నుంచి గడ్డకడుతూ మలుపులు తిరిగిన సన్న గొట్టం గుండా పైకి వస్తుంది. ఎన్నో స్ఫటికాలు బయలుదేరినా దాన్ని దాటేది ఒక్కటే. మన కొండ మీది క్యూలైన్ లాంటిదే, కాకపోతే ఒక్కరికే దర్శనం! మన దేశంలో హైదరాబాదులో డీఎంఆర్ఎల్ అనే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల ఇలాంటి బ్లేడ్లు తయారుచేసింది. 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం విమానాలు, హెలికాప్టర్లు తయారుచేసే హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌కు 60 బ్లేడ్లు ఇచ్చింది.

అంత చేసినా బ్లేడుకు ముసలితనం తప్పదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఈ మిశ్రలోహం లోపల నికెల్, అల్యూమినియం కలిసిన బుల్లి ఘనాలు ఇటుకల్లాగా పేర్చినట్టు ఉంటాయి. వాటిని గామా ప్రైమ్ అంటారు. ఒక తలవెంట్రుక మందంలో వందకు పైగా పడతాయి. వాటి మధ్య సన్న సందులు. లోహం సాగాలంటే లోపల పరమాణువుల వరస తప్పిన చోట్లు జరగాలి, జంపఖానాలో పడ్డ మడతను కాలితో నెట్టినట్టు. ఘనాలు వాటికి అడ్డం నిలుస్తాయి. వింత ఏమిటంటే దాదాపు 800 డిగ్రీల వరకు వేడి పెరిగేకొద్దీ ఆ ఘనాలు మెత్తబడవు, ఇంకా గట్టిపడతాయి. అల్యూమినియం ఒక్కటే అయితే 660 దగ్గరే కరిగిపోయేది!

1000 డిగ్రీల దగ్గర, లాగుడు కింద చాలాకాలం ఉంటే ఘనాలు పక్కపక్కవాటితో అతుక్కుని, లాగే దిక్కుకు అడ్డంగా పలకలవుతాయి. ఇంగ్లీషులో దీన్ని రాఫ్టింగ్ అంటారు, అంటే తెప్ప కట్టడం. గోవిందరాజస్వామి తెప్పోత్సవం చూసిన మీకు ఆ పేరు వేరే చెప్పాలా? ఈ తెప్పలు మాత్రం ఎవరినీ ఒడ్డుకు చేర్చవు. అవి లావయ్యేకొద్దీ సందులు వీధులవుతాయి, మడతలు తేలిగ్గా జరుగుతాయి, బ్లేడు సాగే వేగం పెరుగుతుంది. చుట్టూ ఉండే కేసింగ్‌కు, అంటే ఇంజన్ తొడుగుకు తగిలేంత సాగితే ఇంజన్‌కే ముప్పు.

పైపొర బాధ వేరే. అల్యూమినియం ఆక్సైడు పొర బ్లేడును కాపాడుతుంది. వేడెక్కడం, చల్లారడం వల్ల అది పెచ్చులూడితే లోపలి అల్యూమినియం కొత్త పొర కడుతుంది, తన నిల్వ అయిపోయేదాకా. సముద్రపు ఉప్పు, ఇంధనంలోని గంధకం కలిస్తే ఆ పొరను ఇంకా తొందరగా తినేస్తాయి.

ఇంజన్‌లోకి సన్న గొట్టం కెమెరా పెడితే పగులు, పెచ్చులు కనిపిస్తాయి. లోపల తెప్ప ఎంత కట్టిందో కనబడదు, బ్లేడును కోసి చూడాలి. కోసిన బ్లేడు మళ్లీ పనికిరాదు కదా! అందుకే ఎంత పని చేసిందో లెక్కపెట్టి తీసేస్తారు.

దండెం పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేశాను. సంక్రాంతికి వచ్చినప్పుడు టేపు పెట్టి ఎంత జారిందో మీరే కొలవండి. ముడి సంగతి మాత్రం మీ అవ్వ దగ్గర ఎత్తకండి.

మీ తాత