పాము గుర్తుంది, పెరడు ఎందుకు గుర్తులేదు?

అనంతపురం

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ జేజినాయన ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. దసరా సెలవుల్లో పెరట్లోని చెనక్కాయ కట్టె వామి కింద నుంచి నాగుపాము వచ్చిందనీ, అది పడగ విప్పి నిలబడిన తీరు ఇద్దరికీ ఒకేలా గుర్తుందనీ రాశారు. అయితే అప్పుడు గేదె వేపచెట్టు కింద ఉందా లేదా, మీ చిన్నాయన కర్ర పట్టుకుని వీధి వాకిలి నుంచి వచ్చాడా, దొడ్డి వాకిలి నుంచి వచ్చాడా అన్న దగ్గర మాట కుదరక, పలుకులు మానేసి కూర్చున్నారట. "మాలో ఎవరు అబద్ధం చెబుతున్నారు జేజినాయనా?" అని అడిగారు. ఇద్దరిలో ఎవరూ చెప్పడం లేదని నా నమ్మకం.

తోటలో మీ నాయన నీళ్లు కట్టడం చూశారు కదా. కరెంటు ఉన్నంతసేపే బోరు పోస్తుంది, అది కూడా సన్నని ధార. ఆయన పారతో ఒక మడికి మడవ తెరిచి, అది తడిశాక మట్టితో మూసి, పక్క మడికి తిప్పుతాడు. మన ధ్యాస కూడా ఆ నీళ్ల వంటిదే. మామూలు రోజున మీరు పెరట్లో నిలబడితే అది గేదెకు కొంత, వేపచెట్టుకు కొంత, వామికి కొంత పారుతుంది. ఏ మడీ నిండదు, ఏ మడీ పూర్తిగా ఎండదు. పాము కనబడగానే మిగతా మడవలన్నీ మూసుకుపోయి, ఉన్న నీళ్లన్నీ ఆ ఒక్క మడిలోకే పోతాయి. అందుకే పడగ వెనుక గుర్తు, నాలుక ఆడించడం, ఆ బుస మీకు నేటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. గేదె ఉన్న మడికి చుక్క నీరు చేరలేదు. ప్రాణం మీదికి వచ్చిన వేళ గేదె ఎక్కడుందో చూస్తూ నిలబడినవాడు బతికి బట్టకట్టడు గనుక, దీనిని నేను లోపమని అనను.

నా చిన్నతనంలో మాకు బోరు లేదు, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల ఉండేది. మా నాయన ఎద్దులను తోలుతుంటే మడవలు తిప్పే పని నాది. బాన పైకి వచ్చి నీళ్లు తొట్టిలో దబ్బున పడే చప్పుడు, తడిసిన మోకు వాసన, కాలువలో నీళ్లు ఎండుటాకులనూ చీమలనూ ముందుకు తోసుకుంటూ నెమ్మదిగా పాకి వచ్చే తీరు చూస్తూ నేను ఎంతసేపైనా నిలబడేవాణ్ణి. "పైన నీళ్లు నిలిచినంత మాత్రాన మడి తడిసినట్టు కాదురా, రాత్రికి లోపలికి ఇంకితేనే వేరుకు అందుతుంది" అని ఆయన చెప్పేవాడు.

జ్ఞాపకం సంగతీ అంతే. చూసిన క్షణంలోనే అది నిలిచిపోదు, ఇంకాలి. భయపడినప్పుడు మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి విడుదల చేస్తాయి. కణతల లోపలి వైపున, మెదడులో ఉండే అమిగ్డలా అనే చిన్న భాగం, తన పక్కనే ఉండి జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్‌ను ఆ సమయంలో గట్టిగా పనిచేయిస్తుంది. ఆ పని మనకు తెలియకుండా నిద్రలో కూడా సాగుతుంది. అమెరికాలో జెస్సికా పేన్, ఎలిజబెత్ కెన్సింగర్ అనే పరిశోధకులు, వారి సహచరులు కొందరికి వీధి బొమ్మలు చూపించి, 2008లో ఆ ఫలితాలను ప్రకటించారు. కొన్ని బొమ్మలలో వీధిలో మామూలు కారు, కొన్నింటిలో నుజ్జునుజ్జయిన కారు. రాత్రి నిద్రపోయి లేచినవారికి నుజ్జయిన కారు చక్కగా గుర్తుండగా, దాని వెనుక ఉన్న వీధి మాత్రం మరుగున పడింది. ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో నిద్రలో ఉన్న మెదడు ఏరుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా అబ్బురమే.

ఇంతవరకైతే చిక్కు లేదు. ఒక్క మడి పచ్చగా ఏపుగా ఉండేసరికి, దారిన పోయేవాడు తోటంతా అలాగే ఉందని అనుకున్నట్టు, పాము అంత స్పష్టంగా గుర్తుండటం వల్ల మిగతాదంతా అంతే సరిగ్గా గుర్తుందని మనం నమ్ముతాము. ఎండిన మడులలో మన ఊహా, ఇతరుల మాటలూ మొలుస్తాయి. అవి విత్తిన పైరో, మొలిచిన కలుపో తేల్చుకోవడం కష్టం. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఆకాశంలో పేలిపోయినప్పుడు, ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నదీ మరునాడే కొందరు విద్యార్థుల చేత ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే పరిశోధకులు రాయించారు. రెండున్నరేళ్లు దాటాక మళ్లీ అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ ఎంతో ధీమాగా. వారి చేతివ్రాతనే తీసి చూపినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

అంత దూరం పోనక్కరలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మీ మేనత్త అక్కడే ఉంది. గడప దాటి లోపలికి వచ్చిన ఆ ఎర్రనీళ్లనూ, వాటి మీద తేలిన బియ్యపు చేటనూ ఆమె ఈ రోజుకూ వర్ణిస్తుంది. తనను మిద్దె మీదికి ఎక్కించింది ఎవరన్న దగ్గర మాత్రం ఆమె మాట ఒకటి, మీ మామ మాట ఇంకొకటి. ఇద్దరూ ఒట్టు వేసే చెబుతారు. కనుక మనతో మాట కుదరని మనిషిని అబద్ధాలకోరు అనే ముందు కొంచెం ఆగడం మంచిది, ముఖ్యంగా ఆ మనిషి మనతోపాటు భయపడి ఉన్నప్పుడు.

ఇక గేదె ఉందా లేదా అన్నది ఇక్కడి నుంచి నేను తేల్చలేను. మీరే ఒక పని చేయండి. ఒకరికొకరు కనబడకుండా కూర్చుని, ఆ రోజు పెరడు ఎలా ఉందో చెరొక కాగితం మీద గీయండి. గుర్తులేని చోటును ఖాళీగా వదలండి. తరువాత రెండు కాగితాలూ పట్టుకుని వామి దగ్గరికి పోయి, పాము నిలిచిన చోటు నుంచి అడుగులు వేస్తూ, ఎన్ని అడుగుల దూరం దాకా మీ ఇద్దరి బొమ్మలూ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో లెక్కించి నాకు రాయండి. గీయడం ముగిసేదాకా చిన్నాయనను అడగవద్దు. ఆయన మాట మీ బొమ్మలోకి జొరబడుతుంది.

మీ
జేజినాయన