డిగ్రీ తగువు వెనక జిల్లా పేజీ

జర్నలిస్టు కావాలంటే జర్నలిజం డిగ్రీ ఉండాలా? అడ్మిషన్ల వేళ హైదరాబాద్‌లో ఈ పాత తగువు మళ్లీ రాజుకుంది. రెండేళ్లు చదివి వస్తే పత్రిక డెస్కులో, అంటే వార్తలు దిద్ది పేజీలు పెట్టేచోట, కుర్చీ దొరుకుతుందా అని విద్యార్థులు అడుగుతుంటే, ముందు ఒక వార్త రాసి చూపించమనండి అని డెస్కువాళ్లు అంటున్నారు.

ఉస్మానియాలో 1954లో జర్నలిజం విభాగం మొదలైంది. ఇప్పటి గొడవకు పనికొచ్చే ముక్క ఆ కథలో ఒక్కటే. 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టిన విశ్వవిద్యాలయం అది. హైదరాబాద్ సంస్థానం విలీనమయ్యాక ఇంగ్లిష్‌కు మారింది. జర్నలిజం ఆ తరవాతే వచ్చింది. దేశభాషలో చదువు చెప్పవచ్చని చూపించిన చోటే, దేశభాష పత్రికలకు కావాల్సిన చదువు ఇంగ్లిష్ పుస్తకాలతో మొదలైంది.

అయినా ముప్ఫై ఏళ్లకు పైగా అదేమంత ఇబ్బంది కాలేదు. పేజీలు తక్కువ, ఉద్యోగాలూ తక్కువే. మలుపు 1989లో వచ్చింది. ఆ ఏడాది ఈనాడు మెయిన్ పేపర్ మధ్యలో జిల్లాకో టాబ్లాయిడ్ (చిన్న సైజు పేజీల అనుబంధం) పెట్టడం మొదలెట్టింది. పోటీ పత్రికలకూ అదే బాట తప్పలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కాబట్టి, ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ల లెక్కకు మండలమే కొలమానమైంది. కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, లైన్ అకౌంటే. అచ్చయిన వార్త కొలిచి డబ్బిస్తారు కాబట్టి రాసేవాడు సాగదీసి రాస్తాడు. ఆ సాగుడు కోయడానికి సబ్ ఎడిటర్లు కావాలి. పదిమందితో అయ్యే పని కాదు, జిల్లాకో జట్టు ఉండాలి.

ఆ కోత ఎలా ఉంటుందో చూడండి. 'స్థానిక మండల కేంద్రంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఆవరణలో సోమవారం నాడు జరిగిన కార్యక్రమానికి ముఖ్య అతిథిగా విచ్చేసిన' అని కాపీ మొదలవుతుంది. నాలుగు పేరాలు వేదిక మీది పేర్లే. ఆఖరి వాక్యంలో, హాస్టల్లో వారం నుంచి నీళ్లు లేవని పిల్లలు మొరపెట్టుకున్నట్టు ఉంటుంది. సబ్ ఎడిటర్ ఆ వాక్యాన్ని పైకి లాగి, ఎంతమంది పిల్లలు, బోరు ఎప్పుడు పాడైంది అని ఫోన్ చేసి కనుక్కుని, పదిహేను లైన్లకు కుదించి, రెండు కాలమ్‌లలో పట్టే హెడ్డింగ్ పెట్టాలి. దీనికి ఇరవై నిమిషాలు దొరికితే అదృష్టం.

వార్తా సంస్థలు ఇంగ్లిష్‌లో పంపే ఏజెన్సీ కాపీ అనువాదం ఇంకో గండం. 'అలెజ్‌డ్లీ' (ఆరోపణ ప్రకారం) అన్న ఒక్క మాట వదిలేస్తే ఆరోపణ కాస్తా నేరమై కూర్చుంటుంది, మర్నాడు లీగల్ నోటీసు వస్తుంది. 'రిజర్వ్‌డ్ ఇట్స్ ఆర్డర్' అంటే తీర్పు వాయిదా వేసిందని. విచారణే వాయిదా పడిందని రాసేసే ట్రైనీలున్నారు. రెండూ ఒకటి కావు: మొదటిదాంట్లో వాదనలు అయిపోయాయి. పేజీ పెట్టేటప్పుడు తిప్పలు వేరు. కంట్రిబ్యూటర్ ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టి పంపుతాడు, పేజీ 'అను' అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో ఉంటుంది, మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతాయి. పేరులో ఒక్క వత్తు పోతే మనిషే మారిపోతాడు.

ఈ పనికి మనుషుల్ని పత్రికలు సొంతంగానే తయారుచేసుకున్నాయి. ఏ డిగ్రీ అయినా సరే, పరీక్షలో వ్యాసం, అనువాదం, వర్తమానాంశాలు, తరవాత ఇంటర్వ్యూ. శిక్షణలో స్టైపెండ్ ఇస్తారు, అది ముగిశాక కొన్నేళ్లు ఇక్కడే పనిచేస్తానని ఒప్పంద పత్రం రాయించుకుంటారు. ఆ పత్రం సంగతి డిగ్రీ దండగ అనేవాళ్లు పెద్దగా ఎత్తరు.

విశ్వవిద్యాలయం వైపు ప్రవేశం వేరుగా ఉంటుంది. ఉస్మానియా సీటుకు తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి: వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, అన్నీ ఆబ్జెక్టివే. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ, అదీ ఆబ్జెక్టివే. రాతే వృత్తిగా పెట్టుకోబోయే అభ్యర్థి ఒక్క వాక్యమైనా రాయకుండా సీటు తెచ్చుకోవచ్చు. మీడియా చట్టాలు, నైతికత, పరిశోధన నేర్పేది మేమే, పేజీ పెట్టడమే జర్నలిజం కాదు అని అధ్యాపకులు అంటారు. అందులో నిజముంది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తెలుగులోనే జర్నలిజం చెబుతోందని కూడా గుర్తుచేస్తారు. దానికిప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. గోలకొండ పత్రిక నడిపిన ఆయన చదివింది న్యాయశాస్త్రం.

చట్టం ఎప్పుడూ ఈ తగువులోకి దిగలేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రధాన వృత్తి ఏమిటనే చూసింది, చదువు అడగలేదు. 2013 మార్చిలో ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్ మార్కండేయ కట్జూ, లాయర్‌కు ఎల్‌ఎల్‌బీ ఉండాలి కదా అంటూ, జర్నలిస్టులకు కనీస అర్హత తేల్చమని ఒక కమిటీ వేశారు. డిగ్రీ తప్పనిసరన్న నిబంధనైతే రాలేదు. ఈలోగా మండలాల్లో కంట్రిబ్యూటర్లను తీసుకునేటప్పుడు పత్రికలు అడిగినవి వేరు: బండి ఉందా, ఫోన్ ఉందా, పేపర్ ఏజెంటుతో సర్దుకుపోగలవా, ఏడాదికి ఎంత యాడ్ తెస్తావు.