నీట్ పేపర్ కష్టంగా వచ్చిందా? లాంగ్ టర్మ్‌కి డబ్బు కట్టే ముందు కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో బైపీసీ పిల్లలకు, ఇంటర్ అయ్యాక మెడికల్ ఎంట్రన్స్ నీట్ కోసం ఇంకో ఏడాది చదివే లాంగ్ టర్మ్ బ్యాచ్‌లకు ఫిజిక్స్ చెప్తూ పద్దెనిమిదేళ్లయింది. నీట్ జరిగిన రోజు సాయంత్రం ఐదున్నర నుంచి నా ఫోన్ ఆగదు. 2025 మే 4న అయితే అర్ధరాత్రి దాటినా మోగుతూనే ఉంది. ఎక్కువ మంది తల్లిదండ్రులే. "సార్, సెంటర్లో నుంచి బయటికి వచ్చినప్పట్నుంచి పాప నోరు తెరవలేదు. ఫిజిక్స్ అస్సలు కుదర్లేదంట. ఇంగొక ఏడాది చదివించల్లా?"

ఆ రాత్రి ఎవరికీ అవునని గానీ వద్దని గానీ చెప్పను. అన్నం పెట్టి పడుకోబెట్టమంటాను. లాంగ్ టర్మ్ అంటే బిడ్డ జీవితంలో ఒక ఏడాది. చాలా ఇళ్లలో అప్పు కూడా. బిడ్డ ఏడుస్తోందని చేర్పించడం, పక్కింటి అబ్బాయికి ఎన్ని వచ్చాయో విని మాన్పించడం రెండూ తప్పే. ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, మార్కులు ఎక్కడ, ఎందుకు పోయాయో చూశాకే తేల్చుకోవాలి. ఆ పని చేయనీకుండా అడ్డుపడే మాటలు కొన్ని ఏటా వింటున్నాను.

అపోహ: పేపర్ ఇంత కష్టంగా వచ్చాక ఇక సీటు రానట్టే.

వాస్తవం: సీటు ఇచ్చేది ర్యాంకును బట్టి. మీకు కష్టమైన పేపర్ దేశంలో మిగతా వాళ్లకూ కష్టమే. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి, సవరణల తర్వాత 17 మంది మిగిలారు. మరుసటి ఏడాది మొదటి ర్యాంకు వచ్చిందే 686 మార్కులకు. జనరల్ వాళ్లకు క్వాలిఫై మార్కు 162 నుంచి 144కి దిగింది. 2024లో 600 వచ్చినా, ఏ రాష్ట్రం వాళ్లైనా పోటీపడే ఆలిండియా కోటాలో ఓపెన్ (రిజర్వేషన్ లేని) ప్రభుత్వ ఎంబీబీఎస్ సీటు దక్కలేదు. 2025లో అంతకన్నా చాలా తక్కువకే దక్కింది. కాబట్టి పోయినేడాది మార్కులు, ర్యాంకుల పట్టిక వాట్సాప్‌లో వస్తే దాన్ని చూసి ఈ ఏడాది మార్కుల మీద తీర్పు చెప్పకండి.

2025లో పిల్లలు అంత బెదిరిపోవడానికి ప్రశ్నలొక్కటే కారణం కాదు. అంతకుముందు ఒక్కో సబ్జెక్టులో 15 ప్రశ్నలిచ్చి 10 రాయమనే చాయిస్ ఉండేది. 200 ప్రశ్నల్లో 180 రాయడానికి 200 నిమిషాలు ఇచ్చేవాళ్లు. 2025లో ఆ చాయిస్ తీసేశారు, 20 నిమిషాలూ తీసేశారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్‌లో రాని ఐదింటిని వదిలేసుకోవచ్చు అనే ధైర్యంతో రెండేళ్లు చదివిన పిల్లలకు పరీక్షకు మూడు నెలల ముందు ఆ ధైర్యం పోయింది.

అపోహ: ఇంత కష్టంగా ఇచ్చారు కాబట్టి కోర్టుకు వెళ్తే మళ్ళీ పరీక్ష పెడతారు.

వాస్తవం: కష్టంగా ఉండటం అనేది పరీక్ష రద్దుకు కారణం కాదు. 2015లో, అప్పట్లో నీట్ బదులు ఉన్న ఏఐపీఎంటీ పరీక్షను సుప్రీంకోర్టు రద్దు చేసింది పేపర్ లీకేజీ మీద. 2024లో లీకేజీ గొడవ జరిగినా, 2024 జూలై 23న దేశమంతా మళ్ళీ పరీక్ష పెట్టడానికి కోర్టు ఒప్పుకోలేదు. సెంటర్లో సమయం నష్టపోయారని గ్రేస్ మార్కులు ఇచ్చిన 1,563 మందికి మాత్రం జూన్ 23న మళ్ళీ రాసే అవకాశం వచ్చింది, అందులో 813 మంది రాశారు. కోర్టు వార్తల కోసం ఎదురుచూస్తూ జూన్, జూలై పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. ఆ రెండు నెలలు మళ్ళీ రావు.

అపోహ: ఆ రాత్రి వచ్చిన కీతో చూసుకున్నాం, మార్కులు తెలిసిపోయాయి.

వాస్తవం: పరీక్ష రాత్రి వచ్చే కీలు తొందరలో తయారయ్యేవి, ఒకదానికొకటి కలవవు. నీట్ నిర్వహించే ఎన్‌టీఏ ప్రొవిజనల్ (తాత్కాలిక) కీతో పాటు మీ ఓఎంఆర్ (జవాబుల బబుల్స్ దిద్దిన షీటు) స్కాన్ కాపీ, అందులో మీరు దిద్దినవిగా నమోదైన జవాబులు కూడా ఆన్‌లైన్‌లో పెడుతుంది. ముందు ఆ ఓఎంఆర్ చూడండి. గుర్తుంచుకున్న జవాబు ఒకటి, దిద్దిన బబుల్ ఇంకొకటి అయిన పిల్లలు నాకు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. కీ మీద అభ్యంతరం ఉంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అడగొచ్చు. ఆ డబ్బు తిరిగి రాదు కాబట్టి లెక్చరర్‌కి చూపించి కట్టండి.

ఒక్క ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో 2024లో చూశాం. పరమాణువుల మీద వచ్చిన ప్రశ్న అది. ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయని పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉంది, కొత్త ముద్రణలో అది మారింది. పాతది చదివిన వాళ్లు ఒక జవాబు, కొత్తది చదివిన వాళ్లు ఇంకో జవాబు రాశారు. ఎన్‌టీఏ మొదట రెంటికీ మార్కులిచ్చింది. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల్ని అడిగితే, సరైనది ఒకటేనని తేల్చారు. ఒప్పుకు ఇచ్చిన 4 పోయి, తప్పుకు మైనస్ 1 పడి, నాలుగు లక్షలకు పైగా పిల్లలకు ఐదేసి మార్కులు తగ్గాయి. అన్న చదివిన పుస్తకాలే చెల్లెలికి పనికొస్తాయి అనుకునే ఇళ్లలో నేను మొదట అడిగేది పుస్తకం ఏ ఏడాది ముద్రణ అని.

అపోహ: క్వాలిఫై అయ్యాడు, సీటు వచ్చేస్తుంది.

వాస్తవం: 2025లో 22 లక్షల పైచిలుకు మంది రాస్తే 12.36 లక్షల మంది క్వాలిఫై అయ్యారు. అప్పటికి దేశంలో ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. క్వాలిఫై అంటే కౌన్సెలింగ్‌కు వెళ్లే అర్హత, అంతే. బంధువులకు ఫోన్ చేసి చెప్పే ముందు ఇది ఇంట్లో అందరికీ అర్థం కావాలి. లేకపోతే రెండు నెలల తర్వాత ఆ బిడ్డ రెండోసారి బాధపడుతుంది.

అపోహ: లాంగ్ టర్మ్‌లో చేర్పిస్తే మార్కులు వాటంతటవే పెరుగుతాయి.

వాస్తవం: నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునేది దీని గురించే. ఫలితాల తర్వాత పలమనేరు వైపు నుంచి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మా పాపకి ఫిజిక్స్ అనేదే రాదు సార్. ఏడ చేర్పించల్లో చెప్పండి, టమాటా డబ్బులు రాంగనే కట్టేస్తా" అన్నాడు. ఆ పాప తల దించుకుని కూర్చుంది. నీట్ ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోనిస్తారు కాబట్టి అది, దాంతో పాటు చివర్లో రాసిన రెండు గ్రాండ్ టెస్ట్ (నీట్ తరహా పూర్తి మోడల్ పరీక్ష) పేపర్లు ముందే తెమ్మన్నాను.

మూడు రంగుల పెన్సిళ్లు ఇచ్చాను. అస్సలు తెలియని ప్రశ్నకు ఎరుపు. తెలిసి కూడా తప్పు చేసినదానికి నీలం. టైమ్ లేక చూడనిదానికి ఆకుపచ్చ. గ్రాండ్ టెస్ట్‌లో ఒక ప్రశ్న దగ్గర ఆ పాప పెన్సిల్ ఆగింది. 20 సెంటీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న కుంభాకార కటకం, 25 సెంటీమీటర్ల పుటాకార కటకం ఆనించి పెడితే మొత్తం పవర్ ఎంత? ఆ పాప 20లో నుంచి 25 తీసేసి, మైనస్ 5 సెంటీమీటర్లు అనుకుని, పవర్ మైనస్ 20 డయాప్టర్లు అని దిద్దింది. ఆ జవాబు ఆప్షన్లలో ఉంది కూడా. కలపాల్సింది ఫోకల్ లెంగ్త్‌లను కాదు, పవర్లను. 100ని 20తో భాగిస్తే 5, 25తో భాగిస్తే 4, పుటాకారానిది మైనస్. 5లో నుంచి 4 పోతే ప్లస్ 1 డయాప్టర్. "ఈ సూత్రం నీకు తెలీదా అమ్మా?" అన్నాను. "తెలుసు సార్" అని అప్పటికప్పుడు కాగితం మీద రాసి చూపించింది.

అసలు పేపర్‌లో ఆ పాపకు ఫిజిక్స్ 45లో 14 ఒప్పు, 17 తప్పు, 14 వదిలేసినవి. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 చొప్పున 39 మార్కులు. రంగులు వేశాక చూస్తే, తప్పుల్లో 9 నీలం. వదిలేసిన వాటిలో 8 ఆకుపచ్చ, వాటిని గడియారం లేకుండా నా ముందే కూర్చుని చేసింది. నీలం ప్రశ్న ఒప్పయితే ఐదు మార్కుల తేడా, ఆకుపచ్చ ఒప్పయితే నాలుగు. 45, 32 కలిపి 77. ఫిజిక్స్ రాదు అన్న పాపకు 116 వచ్చేంత ఫిజిక్స్ అప్పటికే వచ్చు. మిగిలిన 14 ఎరుపుల్లో సగం రొటేషనల్ మోషన్, మాగ్నెటిజం, ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) చాప్టర్లవి.

ఇలాంటి పాపకు లాంగ్ టర్మ్ ఉపయోగపడుతుంది, కానీ మొదటి పాఠం నుంచి అన్నీ మళ్ళీ చెప్పే క్లాసులో కూర్చోబెడితే ఉపయోగపడదు. తెలిసిన పాఠం మళ్ళీ వింటుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, చేయి మాత్రం కదలదు. ఆ పాపకు కావాల్సింది మూడు చాప్టర్ల పాఠాలు, మిగతాదంతా గడియారం పెట్టుకుని చేసే లెక్కలు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు, అసలు పరీక్ష వేళకే, నల్ల పెన్నుతో ఓఎంఆర్ దిద్దుతూ గ్రాండ్ టెస్ట్ రాయమన్నాను. పొద్దున పూట టెస్టులు రాసి రాసి, మే నెల ఎండలో భోజనం వేళ దాటాక సెంటర్లో కూర్చుంటే బుర్ర పనిచేయలేదని చెప్పే పిల్లలు చాలా మంది.

ఇంకో అబ్బాయి అప్పటికే రెండుసార్లు లాంగ్ టర్మ్ చేశాడు. మూడేళ్ల మార్కుల మధ్య తేడా పదిహేను కూడా లేదు. నీలం, ఆకుపచ్చ చాలా తక్కువ, ఎరుపు మూడు సబ్జెక్టుల్లోనూ చెదిరి ఉంది. ఇంకో ఏడాది వద్దు, వచ్చిన ర్యాంకుతో ఆయుర్వేదం చూడండి అన్నాను. వాళ్లమ్మ కన్నీళ్లు పెట్టుకుంది, నా మీద కోపం కూడా వచ్చింది. అబ్బాయి మాత్రం బీఏఎంఎస్‌లో చేరాడు. ఆ మాట చెప్పడం నాకూ తేలిక కాలేదు.

అపోహ: నెగటివ్ మార్కులు ఉన్నాయి కాబట్టి డౌట్ ఉన్నవన్నీ వదిలేయాలి.

వాస్తవం: "కొంచెం డౌట్‌గా ఉన్నింది సార్, వదిలేసినాను" అని చెప్పే పిల్లలు బాగా చదివే పిల్లలే. లెక్క చూడండి. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. నాలుగింట్లో రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే, మిగతా రెండింట్లో ఒకటి దిద్దినప్పుడు సగటున ఒకటిన్నర మార్కు లాభం. ఒక్కటి తీసేయగలిగినా ముప్పావు మార్కుకు కాస్త తక్కువ లాభం. ఏమీ తెలియకుండా దిద్దితే పావు మార్కు, అది ఎటైనా పోవచ్చు. కాబట్టి సగం తెలిసినవి వదలొద్దు, అస్సలు తెలియనివి మాత్రం వదిలేయండి. ఇది అలవాటు కావాలంటే గ్రాండ్ టెస్టుల్లోనే చేసి చూడాలి.

అపోహ: తెలుగు మీడియం పిల్లలు నీట్ రాయలేరు.

వాస్తవం: అప్లికేషన్‌లో తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లీషు రెండింట్లోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే లెక్క. కాబట్టి తెలుగులో చదివి అర్థం చేసుకుని, పదాల దగ్గర ఇంగ్లీషు వైపు ఒక చూపు వేయడం నేర్పిస్తాను.

అపోహ: లాంగ్ టర్మ్‌కి వేరే రాష్ట్రం పంపిస్తే లోకల్ కోటా పోతుంది.

వాస్తవం: చిత్తూరు, పలమనేరు, కుప్పం వాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు, బెంగళూరు, వేలూరు దగ్గర కాబట్టి. లోకల్ అనేది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారు అన్నదాన్ని బట్టి. ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ ఎక్కడ చేసినా అది మారదు. అసలు చిక్కు ఇంటర్‌ని బెంగళూరులో చదివించిన వాళ్లకు. మన ప్రాంతం వచ్చే ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవే. తొమ్మిదో తరగతిలోనే ఈ లెక్క చూసుకోవాలి, నీట్ అయ్యాక చూసుకుంటే చేయగలిగింది తక్కువ.

అపోహ: రెండోసారి, మూడోసారి రాస్తే విలువ తగ్గుతుంది, వయసు కూడా దాటుతుంది.

వాస్తవం: నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితిని 2022లో ఎత్తేశారు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి కూడా లేదు. ఎన్నోసారి రాసి వచ్చావని కాలేజీలో ఎవరూ లెక్క కట్టరు.

అపోహ: డాక్టర్ కాకపోతే బైపీసీ చదివి ప్రయోజనం లేదు.

వాస్తవం: బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో ఈ ర్యాంకుతోనే వస్తాయి. అగ్రికల్చర్‌కు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ఉంది. బయాలజీ అంటే నిజంగా ఇష్టమున్న పిల్లలకు తిరుపతి దగ్గర మన ఏర్పేడులోనే సైన్స్ చదువులు, పరిశోధనల సంస్థ ఐసర్ ఉంది, దానికి ఐసర్ వాళ్ల పరీక్ష వేరే. లాంగ్ టర్మ్‌లో ఉన్నా ఆ అప్లికేషన్ కూడా పెట్టమంటాను. ఇంకో దారి ఉందని తెలిసిన బిడ్డ నీట్ హాల్లో కూడా తక్కువ టెన్షన్‌తో కూర్చుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట. పరీక్ష తర్వాతి వారం, ఫలితాల తర్వాతి వారం బిడ్డను ఒంటరిగా వదలొద్దు. ఎన్ని వచ్చాయని అడిగే చుట్టాలకు మీరే జవాబు చెప్పండి, బిడ్డ చేతికి ఫోన్ ఇవ్వొద్దు. అన్నం మానేసినా, నిద్ర పోకపోయినా, బతికి ప్రయోజనం లేదు లాంటి మాట ఒక్కటి వినిపించినా, అదే సర్దుకుంటుందిలే అని వదిలేయకండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు ఆ ఫోన్ చేయండి. ప్రశ్నపత్రం, పెన్సిళ్లు ఆ తర్వాత చూసుకుందాం.