టెంప్లార్ల మంత్రనిరోధక శక్తి ఎక్కడిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

డ్రాగన్ ఏజ్ ఆటల ప్రపంచమైన థీడాస్‌లో టేబుల్‌టాప్ కథలు నడిపించే గేమ్ మాస్టర్‌గా నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న టెంప్లార్ల గురించినదే. మంత్రగాడి చేతిలోని మంటను ఒక్క అరుపుతో ఆర్పివేయగల ఈ యోధుడికి ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? పైకి ఇది పుస్తకాల పురుగుల వాదనలా కనిపించవచ్చు గానీ, ఆటలో ఒక టెంప్లార్‌ను చెరసాలలో పెట్టి అతని దగ్గరున్న లిరియం (టెంప్లార్లు తాగే మాంత్రిక ఖనిజం) సీసాలు లాక్కున్న మరుక్షణం, ఆ పాత్రధారి నా వైపు తిరిగి ‘ఇప్పుడు నాకు శక్తి ఉన్నట్టా, లేనట్టా?’ అని అడుగుతాడు. అప్పుడు తోచిన జవాబు చెప్పి తప్పించుకుంటే తర్వాతి కథంతా వంకర పోతుంది. 2009లో వచ్చిన ఆరిజిన్స్ నుంచి 2024లో వచ్చిన వెయిల్‌గార్డ్ దాకా ఆటల్లో కనిపించే ఆధారాల మీదే కింది మాటలు నిలబడి ఉన్నాయి కాబట్టి, కథలోని మలుపులు కొన్ని ఇక్కడ బయటపడతాయని ముందే చెప్పుకోవాలి.

అపోహ: మేకర్ అనే దేవుడి మీద ఉన్న విశ్వాసమే టెంప్లార్ శక్తిగా మారుతుంది.

ఈ అపోహ పుట్టడంలో ఆటగాళ్ల తప్పు పెద్దగా లేదు. టెంప్లార్లు చాంట్రీ అనే మతసంస్థకు సైన్యం, వారి విద్యలకు రైచస్ స్ట్రైక్, హోలీ స్మైట్ వంటి పవిత్రమైన పేర్లు ఉన్నాయి, వారి కవచం మీద మండే ఖడ్గం ఉంటుంది. ఇవన్నీ చూసినవారికి, వేరే ఆటల్లో కనిపించే దైవబలం గల పాలడిన్ గుర్తుకు రావడం సహజమే. కానీ ఆరిజిన్స్‌లో మనకు ఈ విద్య నేర్పే అలిస్టర్‌ను చూడండి. చాంట్రీలో ఇష్టం లేకుండా పెరిగి, టెంప్లార్ శిక్షణ పొంది, చివరి ప్రమాణం చేయకముందే డంకన్ వెంట, డార్క్‌స్పాన్ అనే రాక్షసులతో పోరాడే గ్రే వార్డెన్లలో చేరిపోయిన మనిషి అతను. అతను ఆ విద్యను మన వార్డెన్‌కు, అంటే మనం ఆడే పాత్రకు, నేర్పేటప్పుడు ఎదుటివారి నమ్మకం ఏమిటో అడగడు. శిలను, పూర్వీకులను కొలిచే డ్వార్ఫ్ యోధుడు గానీ, మేకర్‌ను అంగీకరించని డేలిష్ ఎల్ఫ్ యోధుడు గానీ ఆ విద్యను అంతే బాగా నేర్చుకుంటారు. విశ్వాసమే మూలమైతే ఇది సాధ్యమయ్యేది కాదు. విశ్వాసం వల్ల టెంప్లార్‌కు మనోధైర్యం కలగవచ్చు, క్రమశిక్షణ అలవడవచ్చు. అంతకుమించి దానికి పాత్ర ఉందనడానికి ఆటలో ఆధారం లేదు.

అపోహ: లిరియం తాగని టెంప్లార్ మామూలు సైనికుడితో సమానం.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆటలే రెండు మాటలు చెబుతున్నాయి. టెంప్లార్ విద్యలు నేర్చుకోవడానికి లిరియం అవసరం లేదని, అది ఆ విద్యలకు పదును పెడుతుందని మాత్రమే తాను విన్నానని, బహుశా ఆ పని కూడా చేయదేమోనని అలిస్టర్ అంటాడు. 2014 నాటి ఇంక్విజిషన్ ఆటలో మాజీ టెంప్లార్ కల్లెన్ మాత్రం, టెంప్లార్లకు శక్తినిచ్చేది లిరియమేనని, వారిని గుప్పిట్లో పెట్టుకునేదీ అదేనని, అది అందకుండా పోయినవారిలో కొందరికి మతి చలిస్తుందని, మరికొందరు చనిపోతారని చెబుతాడు. చాలామంది ఈ రెండింటిలో తమకు నచ్చిన మాటను పట్టుకుని రెండో మాటను రచయితల పొరపాటు కింద కొట్టిపారేస్తారు.

నా అభిప్రాయంలో ఇక్కడ చూడవలసింది మాట కంటే ముందు, ఆ మాట ఎవరు చెబుతున్నారన్నది. అలిస్టర్ ప్రమాణం చేయలేదు కాబట్టి లిరియం అతని ఒంట్లోకి దిగలేదు. అయినా అతను ఆ విద్యలు మన కళ్లముందే ప్రయోగిస్తాడు. ఇది వినికిడి మాట కాదు, ప్రత్యక్ష సాక్ష్యం. కల్లెన్ చిన్న వయసులోనే చేరి ఏళ్ల తరబడి లిరియం తీసుకున్నవాడు. దానిని మానేయాలని ప్రయత్నిస్తూ అతను పడే బాధ ఆటలో కనిపిస్తూనే ఉంటుంది. అలాంటివాడికి తన శక్తి ఎక్కడ ముగుస్తుందో, లిరియం ఎక్కడ మొదలవుతుందో విడదీసి చూసే అవకాశం ఎన్నడూ రాలేదు. కాబట్టి శక్తికి పునాది శిక్షణ అని, లిరియం దానిని పెంచుతుందని, అయితే లిరియానికి అలవాటు పడిన శరీరం అది లేకుండా ఆ విద్యను మునుపటిలా నిలుపుకోలేదని అనుకుంటే ఇద్దరి మాటలూ ఒకదానితో ఒకటి పొసుగుతాయి. ఇది నా అన్వయం మాత్రమే, ఆటలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

మరి అంత అవసరం లేనిదానిని చాంట్రీ ఎందుకు పోస్తుంది అన్న ప్రశ్నకు జవాబు రాజకీయంలో ఉంది. లిరియాన్ని తవ్వేది డ్వార్ఫులు, భూమి పైన దాని వ్యాపారాన్ని అదుపు చేసేది చాంట్రీ. అలవాటు పడిన సైనికుడు తనకు సీసా అందించే చేతిని వదిలి ఎక్కడికీ పోలేడు. 2011 నాటి డ్రాగన్ ఏజ్ రెండో ఆటలో సామ్సన్‌ను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఒక మంత్రగాడి ప్రేమలేఖలు చేరవేశాడన్న నేరానికి అతన్ని టెంప్లార్ల నుంచి వెళ్లగొట్టారు. ఆ తర్వాత అతను లిరియం కోసం కర్క్‌వాల్ వీధుల్లో చేయి చాచుతూ బతుకుతాడు. టెంప్లార్‌ను మంత్రగాళ్లకు కాపలాదారుగా మాత్రమే చూసేవారు, ఆ కాపలాదారుకు కూడా గొలుసు ఉందన్న సంగతి మరిచిపోతారు.

అందుకే నా ఆటలో చెరసాలలోని టెంప్లార్‌కు మొదటి రోజు శక్తి తగ్గదు. తర్వాత చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పేర్లు మరచిపోవడం మొదలవుతాయి. శక్తి సన్నగిల్లేది ఆ తర్వాతనే. ప్రమాణం చేయకుండా విద్య నేర్చుకున్న పాత్రకు ఈ బాధలేవీ ఉండవు, కానీ అతని దెబ్బ కాస్త తేలికగా ఉంటుంది.

అపోహ: మంత్రాన్ని ఆపడం కూడా ఒక రకమైన మంత్రమే.

మంత్రగాడు ఫేడ్ అనే స్వప్నలోకం నుంచి శక్తిని లాగి, తన సంకల్పంతో ఈ లోకపు వాస్తవాన్ని మారుస్తాడు. టెంప్లార్ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఈ లోకం ఉన్నది ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టి, తన చుట్టూ వాస్తవాన్ని గట్టిపరుస్తాడు, దాంతో ఫేడ్‌కు చోటు లేకుండా పోతుంది. మంటకు ఎదురుగా మరో మంటను విసరడం వేరు, మంట అంటుకోలేనంతగా కట్టెను తడపడం వేరు. టెంప్లార్ పని రెండోది. మంత్రగాళ్లు కూడా మానా, అంటే మంత్రాలకు ఖర్చయ్యే శక్తి, నింపుకోవడానికి లిరియమే తాగుతారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ ఒకే పదార్థాన్ని ఇద్దరూ తాగినంత మాత్రాన ఇద్దరూ ఒకే పని చేస్తున్నట్టు కాదు.

ఆరిజిన్స్‌లో టెంప్లార్ దెబ్బలు ఎదుటివాడి మానాను హరిస్తాయి. అయితే రక్తమంత్రం చేసేవాడు మానాకు బదులు తన ప్రాణాన్నే ఖర్చు పెడతాడు కాబట్టి, మానా ఎండిపోయినంత మాత్రాన అతని మంత్రం ఆగదు. రక్తమంత్రం అంటే టెంప్లార్లకు ఉన్న భయంలో మతం ఎంత ఉందో, ఈ లెక్క కూడా అంతే ఉందని నాకు అనిపిస్తుంది.

అపోహ: సీకర్లు అంటే పై హోదాలోని టెంప్లార్లే.

టెంప్లార్లపై పర్యవేక్షణ సీకర్లది కాబట్టి ఈ పొరపాటు జరుగుతుంది. వారు లిరియం తీసుకోరు. ఇంక్విజిషన్‌లో కసాండ్రా అనే సీకర్ తెలుసుకునే రహస్యం ప్రకారం, సుదీర్ఘమైన ఉపవాస దీక్షలో సీకర్ తనకు తెలియకుండానే ట్రాంక్విల్ అవుతాడు, అంటే కలలకు, భావోద్వేగాలకు దూరమవుతాడు. ఆ తర్వాత విశ్వాసానికి ప్రతిరూపమైన ఒక ఆత్మ అతని మనసును తాకి తిరిగి మేల్కొలుపుతుంది. శక్తి ఆ స్పర్శ నుంచి వస్తుంది. దాని స్వభావం కూడా వేరే: కసాండ్రా ఎదుటివారి నెత్తుటిలోని లిరియాన్ని మండించగలదు, కాబట్టి ఆమె ముందు మంత్రగాడికీ టెంప్లార్‌కూ ఒకే ప్రమాదం. ట్రాంక్విల్ స్థితిని తిప్పికొట్టవచ్చన్న సంగతిని సీకర్లు తరతరాలుగా దాచారన్నది ఈ కథలో అన్నిటికంటే చేదైన భాగం.

అపోహ: ఎర్ర లిరియం అంటే ఘాటెక్కువైన లిరియం.

కాదు, అది జబ్బుపడిన లిరియం. డార్క్‌స్పాన్‌ను పుట్టించే బ్లైట్ అనే తెగులు దానికి సోకిందని ఇంక్విజిషన్‌లో బియాంకా అనే డ్వార్ఫ్ గుర్తిస్తుంది. బ్లైట్ ప్రాణమున్నవాటికే సోకుతుంది గనక లిరియానికి కూడా ప్రాణం ఉండాలన్న అనుమానం అక్కడ మొదలై, 2015లో వచ్చిన డిసెంట్ అనుబంధ కథలో నిర్ధారణ అవుతుంది: భూమి లోతుల్లోని టైటన్ అనే మహాజీవి నెత్తురే లిరియం. వెయిల్‌గార్డ్ ఇంకొంచెం ముందుకు వెళ్లి, సోలాస్ అనే ప్రాచీన ఎల్ఫ్ ఆ టైటన్లను వాటి కలల నుంచి తెగ్గోశాడని చూపిస్తుంది. కలలు కోల్పోయిన జీవి నెత్తురు తాగినవాడు స్వప్నలోకాన్ని దూరంగా నెట్టగలగడం యాదృచ్ఛికం కాకపోవచ్చునని నా ఊహ. ఊహ అన్న మాటను గమనించగలరు.

లిరియం ఒంట్లో ఉంటే చాలు మంత్రాన్ని ఆపవచ్చునన్నది కూడా నిలవదు. రెండో ఆటలో చర్మమంతా లిరియం గీతలున్న ఫెన్రిస్ అనే ఎల్ఫ్ యోధుడు శత్రువు గుండెను చేత్తో పెకలించగలడు గానీ మంత్రాన్ని రద్దు చేయలేడు. డ్వార్ఫులకు మంత్రం అంత సులువుగా తగలదు, అది వారి పుట్టుకతో వచ్చిన లక్షణమే తప్ప టెంప్లార్ విద్య కాదు.

చివరిగా, టెంప్లార్ పారిపోయిన మంత్రగాడిని వాసన పట్టి కనుక్కోగలడన్న నమ్మకం. అతను వెతికేది ఆ మంత్రగాడి నెత్తురు నింపిన ఫైలాక్టరీ అనే సీసా సాయంతో. రక్తమంత్రాన్ని నిషేధించిన సంస్థ రక్తంతోనే వేట సాగించడం గురించి ఆటలోని మంత్రగాళ్లు ఎత్తిపొడుస్తూనే ఉంటారు. నా ఆటలో ఏ టెంప్లార్ అయినా ‘నేను వాడి జాడ పట్టుకుంటాను’ అంటే, పాచికలు వేయనిచ్చే ముందు నేను అడిగేది ఆ సీసా ఎవరి దగ్గర ఉందని.