ఆక్రె అడవి: రబ్బరు గీత కార్మికులు సాధించుకున్న హక్కు

బ్రెజిల్ పడమటి కొసన, అమెజాన్ అడవిలో ఉంది ఆక్రె రాష్ట్రం. అక్కడ రబ్బరు గీసేవాళ్లు తెల్లారకముందే తలకి దీపం కట్టుకుని బయల్దేరతారు. బెరడు మీద ఏటవాలుగా గాటు పెట్టి, కింద చిన్న డబ్బా తగిలిస్తారు. మళ్లీ అదే కాలిబాటన తిరిగొచ్చి పాలు పోగుచేసుకుంటారు. చెట్టుకి ప్రాణహాని ఉండదు.

వీళ్లలో చాలామంది తాతముత్తాతలు ఈశాన్య బ్రెజిల్ కరువు సీమ నుంచి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటలు జపాన్ చేతికి పోవడంతో ‘రబ్బరు సైనికులు’ అని పేరు పెట్టి 50 వేలమందికి పైగా తరలించారు. ఉప్పు, కత్తి, గుడ్డ అన్నీ యజమాని కొట్లోనే అప్పుకి తెచ్చుకోవాలి, రబ్బరు ఆయనకే పొయ్యాలి. అప్పు తీరేది కాదు. చదువొస్తే లెక్కలడుగుతారని బడి కూడా పెట్టనిచ్చేవారు కాదు.

1970ల్లో సైనిక ప్రభుత్వం రాయితీలివ్వడంతో బ్రెజిల్ దక్షిణాది ఆసాములు పశువుల మేత కోసం అడవి కొని నరికించసాగారు. గీత కార్మికులు ఆడామగా, పిల్లాజెల్లా వెళ్లి రంపాలకి అడ్డం నిలబడ్డారు. 1980లో వారి సంఘం నాయకుడు విల్సన్ పిన్యేరోని కాల్చి చంపారు.

అడ్డుకుంటే సరిపోదు, హక్కు కావాలి. కానీ కొలిచి పట్టాలిస్తే కుదరదు, ఎందుకంటే రబ్బరు దారులు అడవిలో మెలికలు తిరుగుతూ పోతాయి. ఒక్కో కుటుంబానికి వందల హెక్టార్లు కావాలి. అందుకే 1985లో రాజధాని బ్రసీలియాలో సమావేశమై ఒక కొత్త పద్ధతి అడిగారు: భూమి ప్రభుత్వానిది, వాడుకునే హక్కు అక్కడ బతికేవాళ్లది, అమ్మే హక్కు ఎవరికీ లేదు. నాకు తెలిసి అడవి పాలనలో ఇంత తెలివైన ఆలోచన అరుదు. అదీ బడి మొహం చూడనివాళ్ల నుంచి వచ్చింది.

ఆ ఉద్యమ నాయకుడు చీకో మెండిస్‌ని 1988 డిసెంబరు 22 రాత్రి ఆక్రెలోని షపురి ఊళ్లో సొంతింటి పెరటి గుమ్మంలో కాల్చేశారు. 1990లో ఆయన పేరిటే, వాళ్లు అడిగిన ఆ పద్ధతిలో, సుమారు 9.7 లక్షల హెక్టార్ల రిజర్వు ఏర్పడింది.

కాగితం మీద హక్కు వచ్చినా రబ్బరు ధర పడిపోతే కడుపు నిండదు. ఈ సంగతి పట్టించుకున్నది రాష్ట్ర ప్రభుత్వమే. 1999లో గవర్నర్ జోర్జి వియానా హయాంలో చీకో మెండిస్ చట్టం తెచ్చి, సంఘాల ద్వారా అమ్మిన రబ్బరుకి కిలో చొప్పున అదనంగా డబ్బు చెల్లించారు. 2008లో షపురిలో అడవి రబ్బరుతో కండోములు చేసే ఫ్యాక్టరీ పెట్టారు, సరుకు కేంద్ర ఆరోగ్యశాఖ కొనేది. కొన్నేళ్లకి అది మూతపడింది.

ఈలోగా ఆవు రిజర్వులోకి వచ్చేసింది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే అప్పటికప్పుడు అమ్ముకోగలిగేది ఆవునే, రబ్బరుని కాదు. అలా గీత కార్మికుల పిల్లలే మేత కోసం చెట్లు కొట్టే పరిస్థితి వచ్చింది. వాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. 2019లో ఆ రిజర్వులో కొంత భూమిని తప్పించాలంటూ పార్లమెంటులో బిల్లు కూడా పెట్టారు.